యూదు ఇంట తెలుగు బిడ్డ: అపోహలు - వాస్తవాలు

కుటుంబ కౌన్సెలింగ్ నా వృత్తి. ఉండేది న్యూజెర్సీలో. యూదులూ భారతీయులూ వియ్యమందిన ఇళ్లతో ఎక్కువగా పనిచేస్తాను, వాటిలో తెలుగు ఇళ్లూ ఉన్నాయి. పెళ్లి చాలావరకు సాఫీగానే జరిగిపోతుంది. ఒకరోజు తాళి కడతారు, ఇంకోరోజు హుప్పా అనే యూదు పెళ్లి పందిరి కింద గ్లాసు పగలగొడతారు. చిక్కు ప్రశ్నలన్నీ బిడ్డ కడుపున పడ్డాకే మొదలవుతాయి. అప్పుడు నేను మళ్లీ మళ్లీ వినే మాటలివి.

అపోహ: యూదులంటే తెల్లవాళ్లే. మన పిల్లలు వాళ్లలో కలవరు.

వాస్తవం: అమెరికా యూదుల్లో ఎక్కువమంది తూర్పు ఐరోపా నుంచి వచ్చిన అష్కెనాజీల సంతతి కాబట్టి అలా అనిపిస్తుంది. ప్యూ అనే పరిశోధనా సంస్థ 2020 సర్వేలో అక్కడి యూదు వయోజనుల్లో 8 శాతం మంది తాము నల్లజాతివారమనో, ఆసియా వారమనో, హిస్పానిక్ అనో, మిశ్రమ జాతి అనో చెప్పుకున్నారు. 30 ఏళ్ల లోపువాళ్లలో అది 15 శాతం. ఇథియోపియా నుంచి 1991 మే నెలలో దాదాపు 36 గంటల్లో 14 వేల మందికి పైగా యూదుల్ని విమానాల్లో ఇజ్రాయెల్ చేర్చారు. అంతదూరం ఎందుకు, మన కొంకణ తీరంలో గానుగ ఆడించుకుని బతికిన బెనె ఇజ్రాయెల్ యూదులు శనివారం గానుగ ఆపేసేవారు, అందుకే ఊరివాళ్లు వాళ్లని శనివార తేలీలు (శనివారం మానే గానుగవాళ్లు) అన్నారు. కేరళలోని చేందమంగళంలో సారా అనే యూదు స్త్రీ సమాధి రాయి 1269 నాటిది. బైబిలు చదివే తెలుగు ఇళ్లలో ఇంకో సంగతి గుర్తుండాలి: మోషే కూషు దేశపు (ఆఫ్రికా) స్త్రీని చేసుకున్నాడని తప్పుపట్టిన అతని అక్క మిర్యాముకే శిక్ష పడింది.

అపోహ: తండ్రి యూదుడైతే చాలు, బిడ్డా యూదే.

వాస్తవం: ఇంటిపేరూ గోత్రమూ తండ్రివైపు నుంచే తెచ్చుకునే మనకి ఇది సహజంగా తోచే లెక్క. సంప్రదాయ యూదు ధర్మం మాత్రం తల్లిని చూస్తుంది. ఆర్థడాక్స్, కన్సర్వేటివ్ శాఖలు ఈనాటికీ ఆ నియమం మీదే ఉన్నాయి. అమెరికాలో రిఫార్మ్ శాఖ 1983లో దాన్ని మార్చి, తల్లిదండ్రుల్లో ఎవరు యూదైనా, బిడ్డని యూదు జీవితంలో పెంచితే ఒప్పుకుంటామంది. కాబట్టి తెలుగు తల్లికి పుట్టిన బిడ్డ ఒక వీధిలోని యూదు ప్రార్థనా మందిరానికి, అంటే సినగాగ్‌కి యూదు, పక్క వీధిలోని సినగాగ్‌కి కాదు. ఇజ్రాయెల్ సంగతి మరీ చిక్కు. 1970లో సవరించిన చట్టం ప్రకారం తాతయ్య, అమ్మమ్మ, నాన్నమ్మల్లో ఒక్కరు యూదైనా అక్కడికి వలస వెళ్లి పౌరులు కావచ్చు. అక్కడ యూదు పెళ్లిళ్లు చేసే రబ్బీల (యూదు మతగురువుల) వ్యవస్థ మాత్రం తల్లినే అడుగుతుంది.

న్యూయార్క్‌లోని సెంట్రల్ సినగాగ్ సీనియర్ రబ్బీ ఆంజెలా బుక్డాల్ సియోల్‌లో పుట్టారు. తల్లి కొరియా బౌద్ధురాలు, తండ్రి అమెరికా యూదుడు. రిఫార్మ్ లెక్కలో ఆమె యూదుగానే పెరిగారు. అయినా 21 ఏళ్ల వయసులో ఆర్థడాక్స్ పద్ధతిలో యూదు మత స్వీకార క్రతువు జరుపుకున్నారు. 2001లో రబ్బీ అయ్యారు, అమెరికాలో ఆసియా సంతతి నుంచి ఆమే మొదటివారు. కొన్ని జంటలు బిడ్డ పసితనంలోనే ఆ క్రతువు జరిపిస్తాయి, కొన్ని బిడ్డ పెద్దయ్యాక తనకే వదిలేస్తాయి. నేను ఫలానాది చేయమని చెప్పను. ఏదో ఒకటి ఇద్దరూ కలిసి కాన్పుకి ముందే మాట్లాడుకోమని మాత్రం గట్టిగా చెబుతాను. పదమూడేళ్ల పిల్ల తన బాత్ మిత్స్వా (ఆడపిల్ల మతపరంగా పెద్దయ్యే వేడుక) రోజు, కొందరి లెక్కలో తను యూదు కాదన్న సంగతి పక్కవాళ్ల నోట వినకూడదు.

అపోహ: మతం స్వీకరించి వచ్చినవాళ్లు అరకొర యూదులే.

వాస్తవం: యూదుల దావీదు రాజు ముత్తవ్వ రూతు పుట్టుకతో యూదు కాదు, మోయాబు నుంచి వచ్చి వాళ్లలో కలిసిన స్త్రీ. కొత్తగా వచ్చినవారికి వాళ్ల పూర్వపు పుట్టుకని గుర్తుచేసి నొప్పించడాన్ని యూదు ధర్మశాస్త్ర గ్రంథమైన తల్మూద్ నిషేధించింది. ‘మా పితరుల దేవా’ అని నేను ప్రార్థించవచ్చా అని మతం స్వీకరించిన ఒబద్యా అనే వ్యక్తి అడిగితే, తప్పకుండా అనవచ్చని 12వ శతాబ్దంలో యూదు ధర్మవేత్త మైమొనిడీస్ జవాబు రాశాడు.

అపోహ: వివక్ష బయటివాళ్ల నుంచే, లోపల అంతా ఒక్కటే.

వాస్తవం: ఇది నిజమైతే ఎంత బాగుండేది. కొచ్చిలో 1568లో కట్టిన పరదేశి సినగాగ్‌లో, బానిసత్వం నుంచి విడుదలైనవారి సంతతిగా ముద్రపడ్డ కుటుంబాలకి సమాన స్థానం ఉండేది కాదు. ఆ కుటుంబాల్లో పుట్టిన న్యాయవాది ఎ.బి. సేలం గాంధీజీ దారిలో సినగాగ్‌లోనే సత్యాగ్రహం చేశారు. ఇజ్రాయెల్ వెళ్లిన బెనె ఇజ్రాయెల్ వాళ్ల వంశాన్ని విచారించాకే పెళ్లి చేయాలని 1960ల మొదట్లో అక్కడి రబ్బీలు ఆదేశమిస్తే, వాళ్లు ఆందోళనకి దిగారు. 1964లో ఆదేశం మారింది. కులం పేరుతో గుడి బయట నిలబెట్టిన చరిత్ర ఉన్న మనకి ఈ బాధ విడమరచి చెప్పక్కర్లేదు. ఈ రోజుకీ చామనచాయ పిల్లాడు సినగాగ్‌లో అడుగుపెడితే ‘నువ్వెలా యూదువి?’ అని అడిగేవాళ్లున్నారు. అడిగేది ఆసక్తితోనే కావచ్చు, ప్రతి వారమూ వినాల్సింది మాత్రం ఆ పిల్లాడు. జవాబు చెప్పాలనిపించకపోతే ‘మీలాగే, ప్రార్థనకి వచ్చాను’ అని ఊరుకోవచ్చని ఇంట్లోనే నేర్పండి.

అపోహ: డీఎన్ఏ పరీక్షతో అంతా తేలిపోతుంది.

వాస్తవం: యూదుతనాన్ని లాలాజలం తేల్చదు. ఆరోగ్యం విషయంలో మాత్రం వంశం చెప్పి తీరాలి. అష్కెనాజీల్లో దాదాపు 40 మందిలో ఒకరికి రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు పెంచే బీఆర్‌సీఏ జన్యువు మార్పు ఉంటుంది. అది తండ్రి నుంచీ రావచ్చు. మీ అమ్మాయి రూపం చూసి డాక్టరుకి ఆ అనుమానం రాకపోవచ్చు, మీరే చెప్పండి.

అపోహ: వియ్యాలవారి ఆచారమే యూదు ధర్మం.

వాస్తవం: పెసఖ్ (పస్కా) పండుగ రోజుల్లో అన్నం, పప్పు ముట్టకపోవడం అష్కెనాజీల ఆచారం. స్పెయిన్, పోర్చుగల్ మూలాలున్న సెఫార్దీ యూదుల్లో చాలామంది, మన బెనె ఇజ్రాయెల్ వాళ్లూ అన్నం తింటారు. పేరు దగ్గర గొడవ ఇంతకంటే పెద్దది. మనవడికి తన పేరు పెడతారని తెలుగు తాతయ్య ఎదురుచూస్తుంటాడు. బతికున్నవాళ్ల పేరు పెట్టడం అష్కెనాజీలకి అశుభం. వద్దన్నారని ఈయన నొచ్చుకుంటాడు, ఎలా అడిగారని వాళ్లు కంగారుపడతారు. సెఫార్దీలేమో బతికున్న తాతల పేర్లే గౌరవంగా పెట్టుకుంటారు. మగబిడ్డకి ఎనిమిదో రోజున సున్నతి జరిపి, హీబ్రూ పేరు ప్రకటిస్తారు. మనకి అప్పటికి పురుడు కూడా తీరదు. అందుకని రెండు వైపుల పెద్దల్నీ ఏడో నెలలోనే కూర్చోబెట్టి, హీబ్రూ పేరు ఎవరిది, బారసాలలో బియ్యంలో రాసే పేరు ఎవరిది అని తేల్చుకోండి.