సౌండ్ ఎందుకు పగులుతుంది: గేమ్ మిక్సర్ల వెనుకటి లెక్క

గేమ్‌లో ఒక గ్రెనేడ్ పేలితే బాగానే వినిపిస్తుంది. అదే ఫ్రేమ్‌లో (తెరమీద ఒక్క బొమ్మ కనబడే కాలంలో) నాలుగు పేలితే, పెళ్లి పందిట్లో మైక్‌సెట్ పెంచేసినట్టు బర్రుమంటుంది. ఇంకో ఫిర్యాదు కూడా తరచూ వినిపిస్తుంది: వాల్యూమ్ స్లయిడర్ సగానికి దించినా సౌండ్ పెద్దగా తగ్గలేదని. మూలం ఒకటే. కంప్యూటర్ శబ్దాలను అంకెలుగా కూడుతుంది (ఆ పని చేసేదే మిక్సర్), చెవి అలా కూడదు.

మొదట్లో ఈ తలనొప్పి ప్రోగ్రామర్‌ది కాదు. 1983 నాటి నింటెండో ఫామికామ్‌లో కలపడమంతా చిప్పులోని సర్క్యూటే చూసుకునేది. స్వరాలు పలికించే రెండు పల్స్ చానళ్లకు (చానల్ అంటే ఒక్కో శబ్దం మోగే దారి) 0 నుంచి 15 దాకా వాల్యూమ్. రెండూ 15లో మోగితే వచ్చేది రెట్టింపు కాదు, సుమారు 1.73 రెట్లే. ఎవరూ అడక్కుండానే దొరికిన కంప్రెసర్ (పెద్ద శబ్దాన్ని అణిచే సాధనం) అనుకోవచ్చు. 1985లో వచ్చిన అమీగాలోనూ నాలుగు చానళ్లను హార్డ్‌వేరే కలిపేది. పీసీలో అలా కుదరలేదు. 1989 సౌండ్ బ్లాస్టర్‌లో రికార్డు చేసిన శబ్దానికి ఉన్నది ఒక్కటే 8-బిట్ దారి. తుపాకీ, తలుపు కలిసి మోగాలంటే శాంపిల్ శాంపిల్‌గా (శాంపిల్ అంటే ఒక్కో క్షణంలో అల ఎత్తును చెప్పే అంకె) ప్రాసెసరే కూడాలి.

కూడికలో ఇరుకు ఇక్కడే ఉంది. 16-బిట్ శాంపిల్ −32768 నుంచి 32767 దాకానే పోగలదు. 30000కి 10000 కలిపితే 40000 పట్టదు, తిరగబడి −25536 అవుతుంది. స్పీకర్ పొర పైనుంచి ఒక్క శాంపిల్‌లో కిందికి దూకుతుంది, ‘టప్’ మని వినిపిస్తుంది. అందుకే 32-బిట్‌లో కూడి, హద్దు దాటినదాన్ని హద్దు దగ్గరే కోసేయడం మొదలైంది. అప్పుడు ‘టప్’ పోతుంది కానీ, అల తల చదునై గరగర మిగులుతుంది. అదే క్లిప్పింగ్.

1997 డిసెంబరులో బయటపెట్టిన డూమ్ గేమ్ సోర్సు కోడ్‌లో ఇది కళ్లకు కడుతుంది. ఎనిమిది చానళ్లు, సెకనుకు 11025 శాంపిళ్లు, 128 వాల్యూమ్ మెట్లకు ముందే లెక్కగట్టిన పట్టిక. పై మెట్టు మీద ఒక్క శబ్దపు శిఖరమే 32512కి చేరుతుంది, పైన మిగిలేది 255. అంత గట్టి శబ్దం రెండోది వస్తే కోయక తప్పదు, కోడ్ చేసేదీ అదే. తుపాకీ మోతలో ఆ కోత పెద్దగా తెలియదు. సాగదీసిన వయొలిన్ స్వరంలో అయితే వెంటనే దొరికిపోతుంది.

1996 నాటి క్వేక్ గేమ్ ఇంకాస్త తెలివిగా నడిచింది: ముందు అన్నీ కూడి, మొత్తం శబ్దానికి ఉండే మాస్టర్ వాల్యూమ్‌తో గుణించి, ఆ తర్వాతే కోస్తుంది. మామూలుగా ఉండే విలువ 0.7, అంటే దాదాపు 3 డెసిబెళ్ల ఖాళీ (డెసిబెల్ అంటే శబ్దపు గట్టిదనాన్ని కొలిచే లెక్క; 6 తగ్గితే అల ఎత్తు సగమవుతుంది). ఈ వరుస తలకిందులైతే పనికిరాదు. ముందే కోసి తర్వాత తగ్గిస్తే, పగిలిన శబ్దమే తక్కువ మోతలో వినిపిస్తుంది.

చానళ్ల సంఖ్యతో భాగించేస్తే సరి అని చాలామందికి తోస్తుంది. ఎనిమిదితో భాగిస్తే ఒక్కో శబ్దం 18 డెసిబెళ్లు తగ్గి, ఒంటరి అడుగుల చప్పుడు గాలిలో కలిసిపోతుంది. ఆ క్షణంలో మోగుతున్న వాటి సంఖ్యతో భాగిస్తే ఇంకా ఘోరం, తుపాకీ పేలినప్పుడల్లా సంగీతం కుంగి లేస్తుంది. నిజానికి ఒకదానికొకటి పొంతన లేని ఎనిమిది శబ్దాలు కలిస్తే సగటున పెరిగేది 9 డెసిబెళ్లే. ప్రమాదం ఒకే ఫైల్ ఒకే ఫ్రేమ్‌లో నాలుగుసార్లు మోగినప్పుడు: శిఖరాలు ఒకదాని మీద ఒకటి పడి 12 డెసిబెళ్లు ఎగబాకుతాయి. మొదటి గ్రెనేడ్ల గొడవ ఇదే. దీనికి మందు వాల్యూమ్‌లో లేదు. ఒక్కో శబ్దానికి రెండు మూడు కాపీలకు మించి ఒప్పుకోకండి. వాటి మధ్య 50 మిల్లీసెకన్లు ఎడం పెట్టి, పిచ్‌ను కాస్త అటూ ఇటూ జరపండి.

2008లో మైక్రోసాఫ్ట్ ఆడియో లైబ్రరీ ఎక్స్‌ఆడియో2 వచ్చేసరికి మిక్సింగ్ 32-బిట్ ఫ్లోట్‌లోకి, అంటే దశాంశ సంఖ్యల్లోకి మారింది. లోపల హద్దయిన 1.0 దాటినా ఏమీ కాదు, కోత చివరి మెట్టుకి జరిగింది. దీనివల్ల కొంత బద్ధకం కూడా వచ్చిందనే చెప్పాలి: దారి పొడవునా తప్పు కనబడదు, చివర్లో ఒక్కసారే వినబడుతుంది. అందుకే మాస్టర్ బస్ (అన్ని శబ్దాలూ కలిసే చివరి దారి) మీద లిమిటర్ (హద్దు దాటబోయే శిఖరాలను అణిచేది) పెట్టి, దాని సీలింగ్ −1 డెసిబెల్ దగ్గర ఉంచుతారు. అది మాటిమాటికీ 6 డెసిబెళ్లు నొక్కుతోందంటే మిక్స్ సరిగా లేదని అర్థం.

స్లయిడర్ గొడవ వేరే దారిలో వచ్చింది. 1995 నాటి మైక్రోసాఫ్ట్ ఆడియో లైబ్రరీ డైరెక్ట్‌సౌండ్ వాల్యూమ్‌ను డెసిబెల్‌లో నూరో వంతులుగా, 0 నుంచి −10000 దాకా అడిగేది. స్లయిడర్‌ను నేరుగా తగిలిస్తే సగం దగ్గరే −50 డెసిబెళ్లు, దాదాపు నిశ్శబ్దం. 0 నుంచి 1 దాకా తీసుకునే లెక్కలో సగం అంటే −6 డెసిబెళ్లే, మొదట్లో చెప్పిన ఫిర్యాదు ఇక్కడిదే. చెవికి సగమైనట్టు తోచాలంటే సుమారు −10 కావాలి. స్లయిడర్ విలువను వర్గం చేస్తే సగం దగ్గర −12 వస్తుంది, చాలావరకు పని జరుగుతుంది. 2015లో గేమ్ ఇంజిన్ యూనిటీ 5తో వచ్చిన ఆడియో మిక్సర్ మాత్రం డెసిబెళ్లే అడుగుతుంది, −80 నుంచి 20 దాకా. స్లయిడర్ విలువకు 10 ఆధారంగా లాగరిథం తీసి 20తో గుణించాలి. స్లయిడర్ కనిష్ఠం సున్నా కాకుండా 0.0001 ఉండాలి, సున్నాకు లాగరిథం లేదు. విలువను ఒక్క గెంతులో మార్చినా చిటపటలొస్తాయి. 48000 శాంపిళ్ల రేటులో 480 శాంపిళ్ల మీదుగా, అంటే 10 మిల్లీసెకన్లలో జార్చండి.

పగులు ఎక్కడిదో తెలియకపోతే మాస్టర్‌ను 12 డెసిబెళ్లు దించి వినండి. గరగర పోతే కూడికలో చోటు చాలలేదు. మోత తగ్గినా అలాగే ఉంటే ఆ శబ్దం ముందే కోతపడింది. ఫైల్‌ను వేవ్ ఎడిటర్‌లో తెరిచి, శిఖరాలు చదునుగా ఉన్నాయేమో చూడండి.