631 పంది కొవ్వా?

కార్తీక మాసం వచ్చిందంటే చాలు, విజయవాడ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో ఓ పాత మెసేజ్ మళ్లీ చక్కర్లు కొడుతుంది. చిప్స్ ప్యాకెట్ మీద 631 అని ఉంటే అది పంది కొవ్వు, పిల్లలకి పెట్టొద్దు అని. నెలంతా ఉల్లి, వెల్లుల్లి కూడా మానేసినవాళ్లకి గుండె గుభేలుమంటుంది.

631 అసలు కొవ్వే కాదు. డైసోడియం ఇనోసినేట్ అనే, రుచి పెంచే తెల్లటి పొడి. ప్యాకెట్ల మీద దానికి వేసే నంబరే 631. ఎండబెట్టిన బొనీటో చేపకి ఉండే రుచి ఇనోసినేట్ వల్లే వస్తుందని 1913లో జపాన్ శాస్త్రవేత్త షింటారో కొడామా కనిపెట్టాడు. అజినొమోటోకి ఇది చిటికెడు తోడైతే రుచి ఎన్నో రెట్లు పెరుగుతుంది. చేపల నుంచి, మాంసం నుంచి తీయొచ్చు. కర్రపెండలం పిండి చక్కెరను బ్యాక్టీరియాతో పులియబెట్టీ చేయొచ్చు. ఎలా చేసినా అణువు ఒకటే, నంబరూ ఒకటే. నూనె, నీరు కలిసుండేలా బ్రెడ్డులో, ఐస్‌క్రీములో వేసే 471 సంగతీ అంతే: పామాయిల్ నుంచి రావచ్చు, జంతువుల కొవ్వు నుంచీ రావచ్చు.

ఇలాంటి చోట నంబరు చూసి లాభం లేదు, ప్యాకెట్ మీద శాకాహారమని చెప్పే పచ్చ చుక్క చూడాలి. జంతువు నుంచి వచ్చినది రవ్వంత కలిసినా ఆ సరుకు మాంసాహారమేనని 2021 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు తేల్చిచెప్పింది. ఆ కేసులో చర్చకొచ్చిన వాటిలో ఈ 631 కూడా ఉంది. పచ్చ చుక్క ఉన్న ప్యాకెట్లో 631 కనిపిస్తే, చట్టం లెక్కన అది పులియబెట్టి చేసినదే అయ్యుండాలి.

జెల్లీలు గడ్డకట్టడానికి వేసే జెలటిన్ విషయంలో ఈ గందరగోళం లేదు. పశువుల, పందుల, చేపల చర్మాల్లో, ఎముకల్లో ఉండే కొల్లాజెన్ అనే ప్రొటీన్ నుంచే అది వస్తుంది, మొక్కల్లో దొరకదు. ఒంటి వేడికే కరుగుతుంది కాబట్టే జెలటిన్ మిఠాయి నోట్లో వేసుకోగానే జారిపోతుంది. అదే గుణం బెజవాడ మే నెలలో కొంప ముంచుతుంది. పెళ్లి భోజనాల్లో పెట్టిన జెల్లీ మిట్టమధ్యాహ్నం కూడా చెక్కుచెదరలేదంటే అది చైనా గ్రాస్‌తో చేసినదే అనుకోవచ్చు. సముద్రపు నాచు నుంచి తీసే ఈ చైనా గ్రాస్ ఒకసారి గడ్డకట్టాక సుమారు 85 డిగ్రీల దాకా కరగదు. నోట్లోనూ కరగదు, నమలాల్సిందే. నాకైతే అదే ఇష్టం. అన్నట్టు, మందుల క్యాప్సూల్ తొడుగు చాలావరకు జెలటినే. చుక్క పెట్టాలన్న ఆహార నిబంధన మందులకు వర్తించదు.

చుక్క ఉన్నా పూర్తి సంగతి తెలియని సరుకు ఒకటుంది: లక్క. మోదుగ, రేగు లాంటి చెట్ల కొమ్మల మీద లక్క పురుగులు స్రవించే బంకను గీకి, శుద్ధి చేసి, చాక్లెట్ బిళ్లల పైపూతకి వాడతారు. ఆ నిగనిగ దానిదే. కొమ్మలు గీకేటప్పుడు పురుగులూ పోతాయి. అయినా మన నిబంధనల్లో పాలు, తేనె, తేనెమైనంతో పాటు లక్కకీ మినహాయింపు ఉంది, పచ్చ చుక్క పెట్టుకోవచ్చు. కాక్టస్ మీద బతికే పురుగుల నుంచి తీసే ఎర్ర రంగు కార్మైన్, అంటే 120, దానికి ఆ వెసులుబాటు లేదు. అది కలిస్తే గోధుమరంగు గుర్తు వేయాల్సిందే.

పురుగు నుంచి వచ్చింది ఏదీ వద్దనుకునేవాళ్లు మెరిసే బిళ్లలు కొనేటప్పుడు మాత్రం చుక్కను పక్కనపెట్టి, వెనక లక్క నంబరు 904 ఉందేమో చూసుకోవాలి.