పలాసకు మర వచ్చింది, పొందూరుకు ఎందుకు రాలేదు?

పలాస-కాశీబుగ్గ జీడి ఫ్యాక్టరీల్లో పిక్క కొట్టడానికి, పప్పు రంగు చూసి ఏరడానికి మరలు దిగాయి. అదే శ్రీకాకుళం జిల్లా పొందూరులో సన్నఖాదీ పత్తిని ఇవాళ్టికీ వాలుగ చేప దవడతోనే దువ్వుతారు. వాళ్లు కాలంతోపాటు నడిచారు, వీళ్లు ఆగిపోయారు అనేయడం తేలికే. అసలు సంగతి కొన్నవాడు దేనికి డబ్బిస్తున్నాడన్నది.

జీడిపిక్క తొక్కలో చర్మాన్ని కాల్చే నూనె ఉంటుంది. పూర్వం పిక్కల్ని డ్రమ్ముల్లో కాల్చేవారు, ఊరంతా పొగ. ఆవిరి బాయిలర్లు వచ్చాక పొగ తగ్గింది గానీ, పిక్క కొట్టే ఆడవాళ్ల వేళ్లకు ఆ నూనె అంటడం మానలేదు. మర వెంటనే రాకపోవడానికి కారణం పప్పే. గుండు పప్పుకున్న ధర బద్దకు లేదు. మర విరగ్గొడితే నష్టం యజమానిది. వియత్నాం మరలతో ముందుకు దూకాక పోటీ తప్పలేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం జీడితోటల్ని పడగొట్టేసింది. ఆఫ్రికా పిక్కల మీద ఆధారపడే ఈ వ్యాపారంలో మిగిలేది పప్పు ఎంత తక్కువ విరిగిందన్న దాంట్లోనే. కొట్టింది చెయ్యా, మరా అని కొన్నవాడు అడగడు.

ఖాదీ కొన్నవాడు అడుగుతాడు. చేత్తో వడికి, చేత్తో నేసిందే ఖాదీ అని 1956 నాటి ఖాదీ, గ్రామోద్యోగ చట్టమే చెబుతోంది. 1949లో ఏర్పడిన పొందూరు ఫైన్ ఖాదీ సంఘానికి పేరు తెచ్చింది నూరో నంబరు నూలు. పౌను (పౌండు) దూదికి 840 గజాల చిలపలు (నూలు చుట్టలు) నూరు, అంటే 84,000 గజాలు. అంత సన్నగా రావాలంటే ఏకు (వడకడానికి చుట్టి పెట్టిన దూది) చెదరకూడదు, అందుకే దాన్ని ఎండిన అరటి డొప్పలో పెట్టి ఒంటి కదురు రాట్నం మీద వడుకుతారు. ఇక్కడ ఒక తమాషా ఉంది. జీడిపప్పు గ్రేడు కూడా పౌను లెక్కే: డబ్ల్యూ-180 అంటే పౌనుకు 180కి మించని పెద్ద గుండ్లు. పప్పులో అంకె పెరిగితే ధర దిగుతుంది, నూలులో ఎక్కుతుంది.

విజయనగరం జూట్ మిల్లుల కథ వేరు. పక్క పొలాల్లో గోగునార పండేది, సంచికి గిరాకీ ఉండేది. ప్లాస్టిక్ సంచి చవగ్గా వచ్చేసరికి 1987లో కేంద్రం ఆహారధాన్యాలకు జనపనార సంచి తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. కొనేవాడిని చట్టమే చూపించినప్పుడు కొత్త సరుకు వెతికే తొందర ఎవరికుంటుంది? లాకౌట్లు, మూతలు అలవాటైపోయాయి. 2022 జులైలో ఒకసారి వాడి పారేసే కొన్ని ప్లాస్టిక్ వస్తువుల మీద నిషేధం వచ్చాక చేతిసంచులకు మార్కెట్ తెరుచుకుంది. గోనెసంచి కుట్టిన చేతులతోనే ఆ పని అవుతుంది, కాకపోతే రంగు, డిజైను, దుకాణదారుతో బేరం కొత్తగా నేర్వాలి.

జీడిలో ఇక ముందు లాభం పప్పు కన్నా తొక్కలో వెతకాలి. ఆ నూనె బ్రేక్ లైనింగులకు, పెయింట్లకు పనికొస్తుంది. పొందూరులో తేలాల్సింది చిలపకు ఇచ్చే కూలి. వడికేవాళ్లలో ఎక్కువమంది వయసు మళ్లిన ఆడవాళ్లే; ఆ కూలితో ఇల్లు గడవకపోతే వాళ్ల కోడళ్లు రాట్నం ముందు కూర్చోరు.