మూడేసి సెకన్ల వెలుతురు

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

మీరు పంపిన ఫొటోను కంప్యూటరు తెర మీద పెద్దది చేసి చూశాను. కృత్తికలు, అదే మన పెద్దవాళ్లు పిల్లలకోడి అనే ఆ చుక్కల గుంపు, ఉండవలసిన చోట ఆరు పొడుగాటి గీతలు, వాటి చుట్టూ నారింజ కలిసిన బూడిద రంగు ఆకాశం కనిపించాయి. టెలిస్కోపు లేకపోవడం వల్లే ఇలా వచ్చిందా అని అడిగారు. కాదు. కదలని ట్రైపాడ్ మీద టెలిస్కోపునే బిగించి, మీలాగే షట్టరును 30 సెకన్లు తెరిచి ఉంచితే ఆ గీతలు ఇంకా ఎన్నో రెట్లు పొడుగ్గా వచ్చేవి. మీ దగ్గరున్న పాత కెమెరా, 50 మిల్లీమీటర్ల లెన్సు, ట్రైపాడ్, కంప్యూటరు ఉంటే చాలు, దాదాపు 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలోని ఆండ్రోమెడా గెలాక్సీని ఫొటో తీయవచ్చు. అది ఎలాగో రాస్తున్నాను. మధ్యలో కొంచెం లెక్క వస్తుంది. దాన్ని దాటవేయకండి, అసలు విషయం అందులోనే ఉంది.

భూమి తన చుట్టూ తాను ఒకసారి తిరగడానికి 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లు పడుతుంది. అందువల్ల ఖగోళ మధ్యరేఖ, అంటే భూమధ్యరేఖకు సరిగ్గా పైన ఆకాశంలో ఊహించుకునే గీత, దగ్గరి నక్షత్రాలు సెకనుకు 15 ఆర్క్ సెకన్ల చొప్పున జరుగుతున్నట్టు కనిపిస్తాయి. ఒక డిగ్రీలో 3600 ఆర్క్ సెకన్లుంటాయి. మీ కెమెరా సెన్సర్‌లో ఒక్కో పిక్సెల్ వెడల్పు సుమారు 3.9 మైక్రాన్లు కాబట్టి, 50 మిల్లీమీటర్ల లెన్సు వెనుక ఒక పిక్సెల్ ఆకాశంలో దాదాపు 16 ఆర్క్ సెకన్లను చూస్తుంది. ఈ రెండు సంఖ్యలనూ పక్కపక్కన పెట్టి చూడండి: నక్షత్రం ఇంచుమించు సెకనుకు ఒక పిక్సెల్ నడుస్తోందన్నమాట. ఫిల్మ్ కాలం నుంచి వస్తున్న '500 సూత్రం' ఒకటుంది. 500ను లెన్సు ఫోకల్ దూరంతో, మీది చిన్న సెన్సర్ కాబట్టి మళ్లీ 1.5తో భాగిస్తే ఆరున్నర సెకన్లు వస్తాయి. ఇప్పటి సెన్సర్లకు ఆ సూత్రం మరీ ఉదారమైనది. ఆరు సెకన్లలో చుక్క కాస్తా కోడిగుడ్డు ఆకారాన్ని కూడా దాటిపోతుంది. మూడు సెకన్లకు మించవద్దని నా సలహా. ధ్రువానికి దగ్గరయ్యేకొద్దీ నక్షత్రాల నడక నెమ్మదిస్తుంది కనుక, ఖగోళ మధ్యరేఖకు 41 డిగ్రీలు ఉత్తరాన ఉన్న ఆండ్రోమెడా దగ్గర కొంచెం వెసులుబాటు దొరుకుతుంది.

మూడు సెకన్లలో ఏం వెలుతురు పడుతుందని మీరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 1880 సెప్టెంబరు 30న హెన్రీ డ్రేపర్ అనే అమెరికన్ వైద్యుడు మొట్టమొదటిసారి ఒక నీహారికను, అంటే అంతరిక్షంలోని వాయువు, ధూళి మేఘాన్ని, ఓరియన్ నీహారికను, ఫొటో తీసినప్పుడు 11 అంగుళాల టెలిస్కోపును ఆకాశంతోపాటు తిప్పుతూ 51 నిమిషాలపాటు ప్లేటును తెరిచి ఉంచవలసి వచ్చింది. మనకు అలా తిప్పే యంత్రం లేదు. అయితే ఆయనకు లేనిది మన దగ్గర ఒకటుంది: వందల ఫొటోలలోని నక్షత్రాలను గుర్తుపట్టి, ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోబెట్టి, వాటి వెలుతురును కలిపే కంప్యూటరు. దీన్నే స్టాకింగ్ అంటారు.

స్టాకింగ్ ఎందుకు పనిచేస్తుందో అర్థం కావాలంటే తుంపర వానను తలచుకోండి. సన్నటి తుంపరలో రెండు ఒకేలాంటి గిన్నెలను పక్కపక్కన మూడు సెకన్లు పెట్టి తీస్తే ఒకదానిలో నాలుగు చినుకులు, మరోదానిలో ఏడు పడవచ్చు. వాన రెండింటి మీదా ఒక్కటే అయినా లెక్క తేడాగా వస్తుంది. గంటసేపు ఉంచితే రెండింటిలోనూ నీళ్లు దాదాపు సమానంగా ఉంటాయి. మసక గెలాక్సీ నుంచి వచ్చే కాంతి కణాలు కూడా ఇలాగే విడివిడిగా, అదృష్టం కొద్దీ పడతాయి, ఆ హెచ్చుతగ్గులే ఫొటోలో మనకు గరుకుగా కనిపించే నాయిస్. ఫొటోలను కలుపుతూ పోతే అసలు వెలుతురు వాటి సంఖ్య మేరకు పెరుగుతుంది, నాయిస్ మాత్రం ఆ సంఖ్య వర్గమూలం మేరకే పెరుగుతుంది. 400 ఫొటోలను కలిపితే వెలుతురు 400 రెట్లు, నాయిస్ 20 రెట్లు. అంటే ఫొటో స్వచ్ఛత 20 రెట్లు మెరుగు. మొత్తం కలిపి మీరు వెలుతురు పట్టింది కేవలం 20 నిమిషాలు. అయితే ఈ స్వచ్ఛతను ఇంకో రెట్టింపు చేయాలంటే 800 ఫొటోలు చాలవు, 1600 కావాలి. అందుకే మొదటి గంటలో కనిపించే లాభం మూడో గంటలో కనిపించదు.

ఒక మెలిక కూడా చెప్పాలి. సెన్సర్ నుంచి ఫొటోను చదివిన ప్రతిసారీ కెమెరా తన వంతు నాయిస్‌ను కొంత చేరుస్తుంది. ప్రతి గేటు దగ్గరా కట్టే సుంకం లాంటిది అది. కాబట్టి 400 మూడు సెకన్ల ఫొటోలు ఒక్క 20 నిమిషాల ఫొటోకు పూర్తిగా సాటి రావు. సుంకం భారం తగ్గాలంటే ఒక్కో ఫొటోలో వీలైనంత ఎక్కువ వెలుతురు పడాలి: లెన్సు రంధ్రం (అపర్చర్) ఎంత తెరుచుకుందో చెప్పే ఎఫ్ సంఖ్యను 2 లేదా 2.8 దగ్గర, సెన్సర్ సంకేతాన్ని ఎంత పెంచి చూపాలో చెప్పే ఐఎస్ఓను 1600 దగ్గర ఉంచండి. 1.8 దగ్గర పూర్తిగా తెరిస్తే అంచుల్లోని చుక్కలకు రెక్కలు మొలుస్తాయి. ఐఎస్ఓను 6400కు పెంచితే ఎక్కువ వెలుతురు వస్తుందనుకోకండి. పెరిగేది తెర మీద కాంతి మాత్రమే, లెన్సు లోపలికి వచ్చేది కాదు.

ఇక ఫొటో తీసే రాత్రి సంగతి. చంద్రుడు లేని రాత్రిని ఎంచుకోండి, వీధి దీపాలకు దూరంగా వెళ్లండి. ఈ రెండింటికీ ప్రత్యామ్నాయంగా నిలిచే సాఫ్ట్‌వేర్ ఏదీ లేదు. ఎక్కడ ఏముందో ముందుగా స్టెల్లేరియం అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో చూసుకోండి. ఆండ్రోమెడా కంటికి లీలగా ఒక మబ్బు తునకలా కనిపిస్తుంది. 964వ సంవత్సరంలో అల్ సూఫీ అనే పర్షియన్ ఖగోళ శాస్త్రవేత్త దాన్ని చిన్న మబ్బుగానే నమోదు చేశాడు. కంటికి ఆనకపోతే ఐఎస్ఓను బాగా పెంచి, పది సెకన్ల పరీక్ష ఫొటో ఒకటి తీయండి. గీతల మధ్య చెదిరిన మసక మచ్చ ఉంటే అదే.

ఫోకస్ దగ్గరే చాలామంది రాత్రంతా పోగొట్టుకుంటారు. నేనూ పోగొట్టుకున్నాను. లెన్సు మీది అనంతం గుర్తును నమ్మి రెండు గంటలు తీసి, ఇంటికి వచ్చి చూస్తే ప్రతి నక్షత్రమూ తెల్లటి బిళ్లలా ఉంది. ఆటోఫోకస్‌ను ఆపేయండి. ప్రకాశవంతమైన నక్షత్రాన్ని లైవ్ వ్యూలో, అంటే కెమెరా వెనుక తెర మీద, పది రెట్లు పెద్దది చేసి, రింగును వెంట్రుకవాసి తిప్పుతూ చుక్క అన్నిటికంటే చిన్నదయ్యే చోట ఆపండి. ఆ తరువాత రింగు కదలకుండా టేపు అంటించండి. చలి పెరిగితే ఫోకస్ జరుగుతుంది కనుక గంటకోసారి మళ్లీ చూసుకోండి, అదే సమయంలో లెన్సు మీద మంచు పట్టిందేమో కూడా చూడండి.

ఫొటోలను రా ఫార్మాట్‌లోనే, అంటే సెన్సర్ పట్టింది పట్టినట్టే దాచే ఫైళ్లుగా, తీయాలి. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి, 14 బిట్ల రా ఫైల్లో 16,384 ఉంటాయి. గెలాక్సీ అంచు ఆకాశం కంటే ప్రకాశంగా ఉండేది ఆ చిన్న మెట్లలో కొన్ని మాత్రమే. కెమెరాను వేలితో నొక్కకుండా టైమర్ రిమోట్‌తో వరుసగా తీయనివ్వండి. గెలాక్సీ నెమ్మదిగా ఫ్రేము అంచు వైపు జరుగుతూ ఉంటుంది కాబట్టి దాన్ని అప్పుడప్పుడు తిరిగి మధ్యకు తెచ్చుకోవాలి. ప్రతిసారీ సరిగ్గా అదే చోటికి తేకండి, కొంచెం అటూ ఇటూగా వదిలేయండి. సెన్సర్‌లోని చెడ్డ పిక్సెళ్లు అప్పుడు ఒకే దారిలో చారలు గీయలేవు.

వచ్చే ముందు మరో మూడు రకాల ఫొటోలు కావాలి. లెన్సుకు మూత పెట్టి, అదే ఐఎస్ఓతో, అదే మూడు సెకన్లకు, అదే చలిలో తీసేవి డార్కులు. సెన్సర్ వేడి వల్ల పుట్టే మచ్చలను ఇవి పట్టిస్తాయి. మూత తీయకుండానే కెమెరాలోని అత్యంత వేగమైన షట్టరుతో తీసేవి బయాస్‌లు. ఫొటోను చదివేటప్పుడు కెమెరా తానుగా చేర్చేదాన్ని ఇవి పట్టిస్తాయి. తెల్లటి బట్టను లెన్సు మీద బిగుతుగా కప్పి, సమానమైన వెలుతురు వైపు తిప్పి తీసేవి ఫ్లాట్లు. లెన్సు మూలల్లో కమ్మే నీడనూ, ధూళి మచ్చలనూ తొలగించడానికి ఇవి పనికివస్తాయి. ఫ్లాట్లు తీసేటప్పుడు ఫోకస్, అపర్చర్ రెండూ రాత్రి ఉన్నట్టే ఉండాలి. ఒక్కో రకానికి ముప్పై చొప్పున చాలు. అలసిపోయి ఫ్లాట్లను వదిలేయాలనిపిస్తుంది, వదలకండి.

ఇప్పుడు కంప్యూటరు ముందుకు రండి. సిరిల్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. విండోస్‌లో డీప్ స్కై స్టాకర్ కూడా మంచిదే, కానీ స్టాకింగ్ తరువాతి పనులన్నీ ఒకే చోట జరుగుతాయి కాబట్టి నాకు సిరిల్ అంటేనే ఇష్టం. లైట్స్ (అంటే ఆకాశం ఫొటోలు), డార్క్స్, ఫ్లాట్స్, బయాసెస్ అని నాలుగు ఫోల్డర్లు చేసి, వాటి పేర్లను ఇంగ్లిషులో చిన్న అక్షరాలతో రాసి, ఫొటోలను వాటిలో సర్దితే, దానితోపాటే వచ్చే స్క్రిప్టు, అంటే ముందే రాసి ఉంచిన ఆదేశాల వరుస, మిగతా పనంతా చేస్తుంది. డిస్కులో చోటు మాత్రం ముందే చూసుకోండి: 24 మెగాపిక్సెళ్ల ఫొటో రంగులు విడదీశాక 16 బిట్లలోనే 144 మెగాబైట్లు అవుతుంది, అలాంటివి 400 అంటే 58 గిగాబైట్లకు దగ్గర. చోటు లేకపోతే వంద వందగా స్టాక్ చేసి, వచ్చిన నాలుగింటినీ మళ్లీ కలపండి.

స్టాక్ పూర్తయ్యాక తెరిస్తే అంతా నల్లగా ఉంటుంది. కంగారు పడకండి. సెన్సర్ వెలుతురును ఉన్నది ఉన్నట్టు లెక్కపెడుతుంది, కాబట్టి గెలాక్సీ అంతా హిస్టోగ్రామ్ (ఏ ప్రకాశంలో ఎన్ని పిక్సెళ్లున్నాయో చూపే పటం) ఎడమ అంచున ఒక సన్నటి ముద్దలో దాగి ఉంటుంది; దాన్ని కుడివైపుకు సాగదీయడాన్నే స్ట్రెచింగ్ అంటారు. సిరిల్‌లోని ఆటో స్ట్రెచ్ కేవలం చూపు కోసమే, ఫైలును మార్చదు. ఇది తెలియక నేను మొదట్లో దాచుకున్న బొమ్మలన్నీ నల్లటి పలకలే. సాగదీయకముందే చేయవలసిన పనులు మూడు: చిరిగినట్టున్న అంచులను కత్తిరించడం, వీధి దీపాల వల్ల ఒక పక్కకు పేరుకున్న వెలుతురును బ్యాక్‌గ్రౌండ్ ఎక్స్‌ట్రాక్షన్‌తో తీసివేయడం, నక్షత్రాల అసలు రంగుల ఆధారంగా ఫొటో రంగును సరిచేయడం. ఆ తరువాత కొంచెం కొంచెంగా, నాలుగైదు విడతల్లో సాగదీయండి. ఆకాశం పూర్తి నలుపు కాకూడదు. నలుపు చేశారంటే, రాత్రంతా కూడబెట్టిన మసక అంచులను చేజేతులా కోసేసినట్టే.

రంగులు నిజమేనా అని తప్పకుండా అడుగుతారు. ఓరియన్ నీహారికలోని గులాబీ ఎరుపు హైడ్రోజన్ వాయువుది, దాని తరంగదైర్ఘ్యం 656.3 నానోమీటర్లు, మసక వెలుతురులో మన కన్ను రంగును పట్టలేదు కాబట్టి అది మనకు బూడిదగా కనిపిస్తుంది. మామూలు కెమెరా సెన్సర్ ముందున్న ఫిల్టరు కూడా ఈ ఎరుపులో చాలా భాగాన్ని ఆపేస్తుంది, అందుకే పూర్తిగా ఎర్రటి నీహారికలు మీ కెమెరాకు కష్టం. గెలాక్సీలు, కృత్తికలు, ఓరియన్ నీహారిక సులభం. ఉన్న రంగును కొంత గాఢం చేయడం తప్పు కాదని నా అభిప్రాయం. కానీ ఒక్క బటనుతో లేని నూలుపోగులను సైతం గెలాక్సీలో అల్లిపెట్టే పరికరాలను నేను వాడను, మీరూ వాడవద్దు.

50 మిల్లీమీటర్ల లెన్సులో ఆండ్రోమెడా పొడవు సుమారు 650 పిక్సెళ్లు వస్తుంది. ఆకాశంలో అది పూర్ణచంద్రుడి వెడల్పుకు ఆరు రెట్లు ఉంటుంది. మధ్యలో మెరిసే గుజ్జు, చుట్టూ కోడిగుడ్డు ఆకారంలో పొగ, అదృష్టం బాగుంటే ఒక నల్లటి చార కనిపిస్తాయి.

అక్కడితో తృప్తి కలగకపోతే, చెక్కతో మీరే చేసుకోగల ఒక సాధనం ఉంది. రెండు చెక్కపలకలను తలుపు బందుతో కలిపి, బందుకు సరిగ్గా 228.6 మిల్లీమీటర్ల దూరంలో ఆరు మిల్లీమీటర్ల మరమేకును, అంటే ఒక చుట్టుకు ఒక మిల్లీమీటరు కదిలేదాన్ని, బిగించండి. బందు ధ్రువనక్షత్రం వైపు చూసేలా పెట్టి, మేకును నిమిషానికి ఒక చుట్టు చొప్పున తిప్పితే, పై పలక మీది కెమెరా భూభ్రమణానికి ఎదురుగా అదే వేగంతో తిరుగుతుంది. 228.6 ఎక్కడి నుంచి వచ్చిందో మీరే లెక్కకట్టండి. భూమి నిమిషానికి 0.004375 రేడియన్లు తిరుగుతుందని మాత్రం చెప్తాను. దీనితో మూడు సెకన్లు ముప్పై అవుతాయి. చేత్తో తిప్పడం చిన్నతనంగా అనిపిస్తే అమెరికన్ ఖగోళ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ బర్నార్డ్‌ను గుర్తు చేసుకోండి. తొమ్మిదేళ్ల వయసులో పేదరికం వల్ల ఒక ఫొటో స్టూడియోలో పనికి కుదిరిన ఆ కుర్రవాడి ఉద్యోగం, ఫొటోలను పెద్దవి చేసే యంత్రాన్ని ఎప్పుడూ సూర్యుడికి ఎదురుగా ఉండేలా చేత్తో తిప్పుతూ ఉండడం. 1889లో ఆయన కాలిఫోర్నియాలోని లిక్ అబ్జర్వేటరీ నుంచి పాలపుంతను ఫొటోలు తీసింది కూడా మనుషుల ముఖచిత్రాల కోసం తయారైన ఒక పాత లెన్సుతోనే.

ఈసారి తీసిన రా ఫైళ్లను దేన్నీ చెరిపేయకండి. ఫోల్డరు పేరులో తేదీ, లెన్సు, ఎక్స్‌పోజర్ రాసి పెట్టండి. స్టాక్ చేసిన ఫైలుతోపాటు మూడు సెకన్ల ఫొటో ఒక్కటి, ఏ మార్పూ చేయనిది, నాకు పంపండి. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తాను.

మీ తాతయ్య