కరెంటు లేని వారం: తీర గ్రామాల సన్నద్ధతపై అపోహలు - వాస్తవాలు

తుఫాను వస్తే ఏ ఊరు ఎన్నాళ్ళు సొంతంగా నిలబడగలదో లెక్క తీయడం నా పని. కృష్ణా జిల్లా దివిసీమ లాంటి తీర ప్రాంతాల్లో ఎక్కడికి వెళ్ళినా ముందు ఒకటే అడుగుతాను: వారం పాటు కరెంటు లేదు, లారీ రాదు. ఏం తింటారు, ఏం తాగుతారు?

అపోహ: వరి పండే ఊళ్ళో తిండికి కొరతేమిటి?

వాస్తవం: నాకు అన్నిటికంటే భయం వేసేది ఈ మాటకే. మనకు పెద్ద తుఫాన్లు ఎక్కువగా అక్టోబరు, డిసెంబరు మధ్యే వస్తాయి. అప్పటికి సార్వా పంట చేలో ఉంటుంది, లేదా పనల మీద ఉంటుంది. పాత ధాన్యం ఎప్పుడో మిల్లుకు పోయింది. ఇంట్లో మిగిలేది కోటా బియ్యం, కొని తెచ్చిన పాతిక కిలోల బస్తా. ధాన్యం ఉన్నా మర ఆడించాలంటే కరెంటు కావాలి. రోకలి పట్టి దంచేవాళ్ళు ఇప్పుడెక్కడ? అందుకే నేను ఎకరాలు రాసుకోను. ఇంటింటా ఎన్ని రోజుల బియ్యం ఉంది, డీజిల్‌తో నడిచే మర దగ్గర్లో ఉందా అని రాసుకుంటాను.

అపోహ: ట్యాంకు ఉంది, నీళ్ళకు టెన్షన్ లేదు.

వాస్తవం: తాగడానికి, వంటకు, శుభ్రతకు కలిపి మనిషికి రోజుకు కనీసం 15 లీటర్లు కావాలి. 3,000 మంది ఊరికి 45,000 లీటర్లు. 40,000 లీటర్ల ట్యాంకు నిండుగా ఉన్నా ఒక్క రోజుకు చాలదు. మళ్ళీ నింపాలంటే మోటారు తిరగాలి. జనరేటర్ ఉందంటారు. డీజిల్ ఎంతుంది? బంకులో పంపు పనిచేయాలన్నా కరెంటే కదా. ఉప్పెన నీరు మంచినీటి చెరువులో కలిస్తే ఇంకా కష్టం. బ్లీచింగ్ పౌడర్ క్రిములను చంపుతుంది, ఉప్పును తీయలేదు. ఈ సంగతి చెప్పగానే పెద్దలు లేచి చెరువు గట్టు ఎంత ఎత్తుందో చూసి వస్తారు.

అపోహ: తుఫాను షెల్టర్ కట్టారుగా!

వాస్తవం: తాళం ఎవరి దగ్గరుంది? అర్ధరాత్రి వచ్చి తీసేదెవరు? గేదెలను ఎక్కడ కట్టేయాలో చెప్పని ప్లాన్‌ను జనం నమ్మరు. పశువులను వదల్లేకే చాలామంది ఇల్లు కదలరు, వాళ్ళ బాధలో న్యాయముంది.

అపోహ: తుఫాన్లు మాకు అలవాటే.

వాస్తవం: అలవాటైంది గాలివాన. ఉప్పెన వేరు. 1977 నవంబరు 19న దాదాపు 10,000 మందిని పొట్టనబెట్టుకుంది. ఆనాడు ఊహ తెలిసినవాళ్ళకు ఇప్పుడు యాభై దాటాయి. ఇప్పుడు హెచ్చరిక రోజుల ముందే వస్తుంది, నిజమే. కానీ 2014లో హుద్‌హుద్ దెబ్బకు విశాఖ నగరంలోనే ఫోన్లు మూగబోయాయి. కాబట్టి మైకు, దండోరా ఏర్పాటు ఉండాల్సిందే. మంచాన పడ్డవాళ్ళు, నిండు గర్భిణులు ఏ ఇంట్లో ఉన్నారో, వాళ్ళను ఎవరు తీసుకెళ్తారో పేర్లతో రాసి పెట్టుకోవాలి.

అపోహ: సహాయక బృందాలు వచ్చేస్తాయి.

వాస్తవం: వస్తాయి, దారి ఉంటే. రోడ్డుకు అడ్డంగా పడ్డ చెట్లను కోసే రంపం మిషన్ ఊళ్ళో ఎవరి దగ్గరుందో, దాన్ని నడపగలిగేవాళ్ళు ఎవరో కనుక్కుని కనీసం ఇద్దరి పేర్లు రాసుకోండి. ఒకరు ఊళ్ళో లేకపోతే ఇంకొకరు ఉంటారు.