1978 నాటి ఫ్యాను ఇంకా ఎందుకు తిరుగుతోంది?

అనంతపురం పాతవూరిలో ఉంటున్న ఒక పాఠకురాలు ఈ ప్రశ్న అడిగారు. 1978లో పెళ్లికి పుట్టింటివారు ఇచ్చిన సీలింగు ఫ్యాను నేటికీ తిరుగుతూనే ఉందనీ, మూడేళ్ల కిందట కొన్న మిక్సీ మాత్రం అప్పుడే రెండుసార్లు మరమ్మతుకు వెళ్లిందనీ చెప్పి, ఇది పాతకాలపు ఇనుము గొప్పతనమా, ఇచ్చినవారి హస్తవాసియా అని అడిగారు. మెకానిక్‌ను వెంటబెట్టుకుని ఆ మిద్దె ఇంటికి వెళ్లి, కడప బండల నేల మీద ఫ్యానును విప్పించి చూశాను. హస్తవాసిని నమ్మేవారిని నొప్పించాలని లేదు గానీ, ఈ ఫ్యాను ఆయుష్షుకు కారణం దాని నిర్మాణంలోనే ఉంది. అందులో తిరిగే భాగానికి కరెంటు మోసుకుపోయే తీగ ఒక్కటి కూడా లేదు.

సీలింగు ఫ్యానులో మధ్యనున్న రాగి చుట్టలు కదలవు. వాటిని కప్పుకుని ఉన్న గిన్నె లాంటి భాగమే రెక్కలతో సహా తిరుగుతుంది. ఇంటికి వచ్చే కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది కనుక, ఒకే రకం చుట్ట ఉంటే దాని అయస్కాంత బలం కవ్వపు తాడులాగా ముందుకూ వెనక్కూ లాగుతుందే తప్ప ఒక దిక్కుకు తిప్పదు. ఆ కవ్వాన్ని తిరగలిగా మార్చేది కండెన్సరు, అంటే విద్యుదావేశాన్ని కాసేపు దాచి వదిలే చిన్న డబ్బా. దాన్ని రెండో చుట్టకు వరుసలో కలిపితే, అందులోని కరెంటు మొదటి చుట్టలోని దానికన్నా దాదాపు పావు వంతు ఊపు ముందుగా నడుస్తుంది. తిరగలికి ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు ఆడవాళ్లు పిడిని ఒకరి చేతి నుంచి ఒకరు అందుకుని తిప్పినట్టు, ఒక చుట్ట లాగి వదిలే వేళకు పక్క చుట్ట అందుకుంటుంది. 14 ధ్రువాలున్న ఫ్యానులో అయస్కాంత క్షేత్రం ఈ విధంగా నిమిషానికి 428 చుట్లు తిరుగుతూ, గిన్నెలో పోతపోసిన అల్యూమినియం కడ్డీలలో తానే కరెంటును పుట్టించి, వాటిని వెంట లాక్కుపోతుంది. కడ్డీలు కాస్త వెనకబడితేనే వాటిలో కరెంటు పుడుతుంది కనుక ఫ్యాను ఆ 428ని ఎన్నటికీ అందుకోలేదు. ఇటలీలో గెలీలియో ఫెరారిస్ 1885లో చేసి చూపిన, 1888లో నికోలా టెస్లా పేటెంట్లు పొందిన సూత్రమే ఇది.

ఫ్యాను దించకముందు మెకానిక్ కండెన్సరు తీగ విప్పి స్విచ్చి వేశాడు. ఫ్యాను గుయ్యిమని మూలిగింది గానీ కదలలేదు. పొడవాటి కర్రతో రెక్కను కుడివైపు తోస్తే కుడికి, ఆపి ఎడమకు తోస్తే ఎడమకు తిరగసాగింది. ఇంటర్మీడియట్‌లో విద్యుత్ ప్రేరణను సమీకరణాలుగా వల్లె వేయించే ఉపాధ్యాయులు ఈ ఒక్క ప్రయోగం జాగ్రత్తగా చేసి చూపితే, కవ్వానికీ తిరగలికీ ఉన్న తేడాను పిల్లలు జన్మలో మరిచిపోరు.

ఇక ఒరిపిడి లెక్క చూద్దాం. నిమిషానికి 350 చుట్ల చొప్పున రోజుకు 12 గంటలు, ఏడాదికి 300 రోజులు తిరిగే ఫ్యాను ఏటా 7 కోట్ల 56 లక్షల చుట్లు తిరుగుతుంది. ఇన్ని చుట్లలోనూ లోహానికి లోహం తగిలే చోటు రెండు బేరింగులలో మాత్రమే ఉంది. అక్కడా గుండ్లు గ్రీజులో దొర్లుతాయే తప్ప ఒరుసుకోవు. మిక్సీలో తిరిగే భాగానికి కరెంటు అందాలి. అందుకోసం మెకానిక్‌లు కార్బన్లు అని పిలిచే రెండు చిన్న బొగ్గు ముక్కలు, రాగి పలకలు పేర్చిన కమ్యూటేటరుకు స్ప్రింగులతో ఒత్తుకుని ఉంటాయి. శెనక్కాయల ఊరిబిండికీ పొడులకూ కలిపి రోజుకు అయిదే నిమిషాలు మిక్సీ వేశారనుకుందాం. నిమిషానికి 18,000 చుట్ల చొప్పున 90,000 చుట్లు. కమ్యూటేటరు అడ్డుకొలత రెండున్నర సెంటీమీటర్లు అనుకుంటే, ఆ బొగ్గు ముక్క కింద రోజూ ఏడు కిలోమీటర్ల రాగి జారిపోతుంది. ఏడాదికి రెండున్నర వేల కిలోమీటర్లు, అంటే అనంతపురం నుంచి బయలుదేరితే కాశీ దాటిపోయేంత దూరం. గోరంత బొగ్గు ముక్క నిప్పురవ్వల మధ్య అంత దూరం ఒరుసుకుంటూ వెళుతున్నదంటే, మూడేళ్లకు అరిగిపోవడంలో తప్పు పట్టవలసింది ఏమీ లేదు.

రెండో శత్రువు వేడి. రాగి తీగ మీది ఎనామిలు పూత వేడికి నెమ్మదిగా పెళుసుబారుతుంది. అమెరికా ఇంజనీరు మాంట్సింగర్ 1930లో ట్రాన్స్‌ఫార్మర్ల విషయంలో చెప్పిన సూత్రాన్ని అనుసరించి, ఉష్ణోగ్రత ఎనిమిది నుంచి పది డిగ్రీలు పెరిగినప్పుడల్లా ఆ పూత ఆయుష్షు సగమవుతుందని ఇంజనీర్లు లెక్క కడతారు. పాత పూతలు తక్కువ వేడికే చెడిపోయేవి కనుక అప్పటి తయారీదారులు ఇనుము, రాగి ధారాళంగా వాడి మోటారును చల్లగా ఉంచేవారు. పాత ఫ్యాను బరువులో ఉన్న నిజం ఇదే. అయితే అదే కాలంలో కొని, కాలిపోయి, పాత ఇనుప సామాన్ల బండి ఎక్కిన ఫ్యానులు మన కళ్ల ముందు లేవు కనుక, మిగిలినవాటిని చూసి పాతవన్నీ గట్టివని తీర్పు చెప్పరాదు.

మా జిల్లాలో లో వోల్టేజీ బాధ తెలియనివారు లేరు. ఇదే ఇంట్లో గతంలో ఒక ఫ్రిజ్జు కంప్రెసరు కాలిపోయింది. అదే కరెంటుతో తిరిగిన ఫ్యానుకు ఏమీ కాలేదు. మోటారు తిప్పుడు బలం వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది. 230 వోల్టులు 170కి పడిపోతే బలం సగానికి కాస్త పైన మాత్రమే మిగులుతుంది. ఫ్యానుకు గాలి ఎదురొడ్డే బలం కూడా వేగం వర్గాన్ని బట్టే తగ్గుతుంది కనుక, అది నెమ్మదించి, ఉన్న బలంతో సర్దుకుంటుంది. కంప్రెసరుకు ఆ వెసులుబాటు లేదు. ఒత్తిడికి ఎదురుగా కదలలేక నిలిచిపోతే మామూలుకన్నా అయిదారు రెట్ల కరెంటు లాగుతుంది, చుట్టలో పుట్టే వేడి పాతిక రెట్లు దాటుతుంది, వేడికి తెగి కాపాడవలసిన రక్షణ స్విచ్చి సరిగ్గా పనిచేయకపోతే నిమిషాలలో పూత మాడిపోతుంది.

ఈ మధ్య ఫ్యాను మందగించిందనీ, ముసలిదైపోయిందనీ ఆ ఇంటివారు అనుకుంటున్నారు. కొలిచి చూస్తే చుట్టలు, బేరింగులు బాగానే ఉన్నాయి. పదేళ్ల కిందట మార్చిన కండెన్సరు మాత్రం 2.5 మైక్రోఫారాడ్లకు (ఆవేశం దాచుకునే సామర్థ్యపు కొలత) గాను 1.6 చూపింది. కండెన్సరు మారిస్తే కొద్దిపాటి ఖర్చుతో పోయే ఈ ముసలితనం కోసం ఫ్యానునే పారేసేవారు ఎందరో ఉన్నారు. ఖర్చు సంగతి కూడా ఆమెకు చెప్పాను: ఈ ఫ్యానుకు 75 వాట్లు కావాలి, కొత్త బీఎల్‌డీసీ (బొగ్గు ముక్కలు లేని డీసీ మోటారు) ఫ్యానుకు 30 చాలు, పైన చెప్పిన వాడకంతో ఏడాదికి 162 యూనిట్లు తేడా వస్తుంది. పుట్టింటి ఫ్యానునే ఉంచుకుంటానని ఆమె అన్నారు.

తీసేసిన కండెన్సరును మెకానిక్ కోసి, లోపలి పొరను చాపలా విప్పి కిటికీకి ఎదురుగా పట్టాడు. పలుచని ప్లాస్టిక్ మీద అంతకన్నా పలుచని లోహపు పూత. దాని నిండా సూదిమొన అంతటి వెలుతురు చుక్కలు. ప్లాస్టిక్ బలహీనపడిన ప్రతిచోటా ఒక రవ్వ పుట్టి, చుట్టూ ఉన్న లోహాన్ని ఆవిరి చేసి, ఆ గాయాన్ని తానే మూసివేసిన గుర్తులవి. మూసిన ప్రతి గాయానికీ కొంత పూత పోయింది, పోయిన పూత మేరకు ఫ్యాను వేగం తగ్గింది.