ఫ్యాక్స్ తెగిపోతోందా? నెట్ ప్లాన్ జోలికి పోకండి: అపోహలు - వాస్తవాలు

"300 ఎంబీపీఎస్ లైన్ వేయించామండీ, అయినా ఫ్యాక్స్ మూడో పేజీ దగ్గరే తెగిపోతోంది." ఇంటర్నెట్ ఫోన్ లైన్ మీద ఫ్యాక్స్ పంపేవాళ్ల నుంచి ఈ ఫిర్యాదు ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఎవరో స్పీడ్ పెంచమంటారు, వీళ్లు డబ్బు కడతారు, ఫ్యాక్స్ మాత్రం మళ్లీ అక్కడే ఆగుతుంది.

అపోహ: నెట్ స్పీడ్ పెంచితే ఫ్యాక్స్ సాఫీగా వెళ్తుంది.

వాస్తవం: వెళ్లదు. శబ్దాన్ని పెద్దగా కుదించకుండా పంపే జి.711 పద్ధతిలో కాల్‌కి ఒక్కో వైపు సుమారు 90 కేబీపీఎస్ చాలు. అసలు గొడవ ప్యాకెట్లు (నెట్ మీద వెళ్లే డేటా ముక్కలు) మధ్యలో పోవడం, ఆలస్యంగా రావడం. మాట్లాడేటప్పుడు 20 మిల్లీసెకన్ల ముక్క పోయినా మన చెవి పట్టించుకోదు, ఫ్యాక్స్ మోడెమ్ అక్కడే తడబడుతుంది. కాబట్టి "మాట బాగానే వినిపిస్తోందిగా" అన్న వాదన కూడా చెల్లదు. ముందు అడాప్టర్‌లోనూ (ఫ్యాక్స్ మెషిన్‌ని నెట్‌కి కలిపే పెట్టె) ప్రొవైడర్ వైపూ టి.38 (నెట్ మీద ఫ్యాక్స్ పంపడానికే ఉన్న పద్ధతి) ఆన్‌లో ఉందేమో చూడండి. కుదరకపోతే జి.711 ఒక్కటే ఉంచి శబ్దాన్ని బాగా కుదించే జి.729 తీసేయండి, సైలెన్స్ సప్రెషన్ (నిశ్శబ్దంగా ఉన్నప్పుడు ఏమీ పంపకపోవడం) ఆపండి, జిట్టర్ బఫర్‌ని (ముందూవెనకా వచ్చే ప్యాకెట్లను సర్దే నిల్వ) ఫిక్స్‌డ్‌లో పెట్టండి, మెషిన్ స్పీడ్‌ని సెకనుకి 9600 బిట్లకి దించండి. అవును, దించమనే అంటున్నా.

ఒక ఆఫీసులో వచ్చే ఫ్యాక్సులన్నీ ఫెయిలవుతుంటే ప్లాన్ మార్చారు, రౌటర్ మార్చారు, చివరికి మెషిన్నే మార్చేశారు. లాగ్ తెరిస్తే, ఫ్యాక్స్ కూత వినగానే అడాప్టర్ టి.38కి మారదామని రీఇన్వైట్ అనే సందేశం పంపుతోంది, అవతల్నుంచి 488 అనే కోడ్ వస్తోంది. అంటే కుదరదని. ప్రొవైడర్ ఆ నంబర్‌కి టి.38 తెరవనేలేదు! తెరిపించాక, మూలన పడేసిన పాత మెషినే మళ్లీ పనిలోకి వచ్చింది.

అపోహ: ఇంటర్నెట్ లైన్ మీద ఫ్యాక్స్ అసలు పనిచేయదు.

వాస్తవం: టి.38 ప్రమాణం 1998 నుంచే ఉంది. ఇక పుకార్లు ఆపండి. కాకపోతే మధ్యలో కాల్‌ని మోసుకెళ్లే ఏ కంపెనీ అయినా దాన్ని మళ్లీ జి.711గా మారిస్తే ఇబ్బంది రావచ్చు.

అపోహ: ఈసీఎం (తప్పుగా చేరిన భాగాన్ని మళ్లీ పంపించే సెట్టింగ్) ఆపేస్తే అన్నీ సర్దుకుంటాయి.

వాస్తవం: కాల్ తెగకపోవచ్చు, కానీ గీతలు పోయిన పేజీ వెళ్లొచ్చు. అంకెలున్న కాగితాలకి ఈ పని చేయకండి.

అపోహ: ఓకే అని రిపోర్ట్ వచ్చింది, వాళ్లు చూసేశారు.

వాస్తవం: అవతలి మెషిన్ అందుకుంది, అంతే. ముఖ్యమైనదైతే ఫోన్ చేసి అడగండి.

రేపే గడువు, 40 పేజీలున్నాయి అని టెన్షన్ పడేవాళ్లు ఈ రాత్రి సెట్టింగులతో కుస్తీ పట్టకండి. ఐదేసి పేజీల చొప్పున పంపండి, తెగినా ఆ ఐదే మళ్లీ పంపితే సరిపోతుంది.